పొయ్యి మీద కుండ, తెర మీద ఏనుగు

మొన్న పొల్లాచ్చి నుంచి కోయంబత్తూరు పోయే బస్సులో, డ్రైవరు తల పైనున్న టీవీలో ఆ సినిమా మళ్ళీ వేశారు. నేను దాన్ని ఇప్పటికి ఐదుసార్లు చూశాను. అందులో నా ఇష్టంతో చూసింది ఒక్కసారే, మిగతా నాలుగూ బస్సుల్లోనే. బస్సు వాళ్ళకు నా మీద ఏం కక్షో తెలియదు, టికెట్టు చింపి చేతిలో పెట్టగానే ఏనుగుల్ని వదులుతారు. కిణత్తుకడవు దాటేసరికి నాలుగు ఏనుగులు ఏట్లోకి దిగాయి. ముందు ఏనుగు మీద ఒక అమ్మాయి, చేతిలో కత్తి, ఒంటినిండా నగలు. అంత యుద్ధం చేసినా జడలో పువ్వు కూడా రాలలేదు. పక్క సీటాయన ఒళ్ళో అరటిపళ్ళ సంచి పెట్టుకుని, నోరు తెరిచి చూస్తున్నాడు. నేను ఫోనులో తెలుగు మాట్లాడింది విన్నట్టున్నాడు, మోచేత్తో మెల్లగా పొడిచి తమిళంలో అడిగాడు, ఇది మీవాళ్ళ కథేనట కదా, ఇదంతా నిజంగా జరిగిందా అని. దానికి జవాబు పూర్తిగా చెప్పాలంటే బస్సు కోయంబత్తూరులో ఆగకుండా ఊటీ దాకా పోవాలి.

నేను ఎనిమిదో క్లాసు దాకా చదివాను. ఆ తర్వాత బడీ నేనూ మాట్లాడుకుని, ఇద్దరికీ ఇదే మంచిదని విడిపోయాం. అదీ తమిళ బడి. మా ఇళ్ళల్లో తెలుగు నోటితో వచ్చేదే తప్ప చేత్తో వచ్చేది కాదు. అక్షరాలు నేర్చుకున్నది పాతికేళ్ళు దాటాక, కొబ్బరి లోడు లారీల వెంట హైదరాబాదు దాకా తిరిగిన రోజుల్లో. ముందు పోతున్న లారీల వెనక రాతలు కూడబలుక్కుని, గోడల మీది సినిమా పోస్టర్లు చూసి నేర్చుకున్నాను. అందుకే నా చేతిరాతలో ఇప్పటికీ ప్రతి అక్షరం హీరో పేరంత లావుగా ఉంటుంది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, చరిత్ర గురించి మాట్లాడే అర్హత నాకు లేదని మీకంటే ముందు నేనే చెప్పేస్తే, తర్వాత మీరు ఏమనడానికీ ఉండదు.

ఆ అర్హత ఉన్నవాడు మా ఇంట్లో ఒకడున్నాడు. మా మేనత్త కొడుకు, నాకు బావ. బడిలో చరిత్ర పాఠాలు చెప్పేవాడు. వయసులో ఉన్నప్పుడు ఆయనతో రాజుల సినిమాకు పోవడమంటే పంటి నొప్పితో విందుకు పోయినట్టే. ఇంటర్వెల్లు లోపల ఏడు తప్పులు పట్టేవాడు. ఆ రాజు కాలంలో మిరపకాయ మన దేశానికి రానేలేదు, వంటింట్లో ఎండుమిరప దండ ఎట్లా వేలాడుతుంది అనేవాడు. రాణి కట్టింది మిల్లు చీర అనేవాడు. నేను ఊరుకునే రకమా. హాలంతా వినేటట్టు, "బావా, పోయి టికెట్టు డబ్బు వాపసు అడుగు. మిరపకాయ ముందే వచ్చేసిందని చెప్పు, ఇస్తారు" అనేవాణ్ణి. వెనక వరసలు నవ్వేవి. ఆయన చెవులు ఎర్రబడేవి. మనం పోతున్నది పడం చూడ్డానికా పరీక్ష పేపరు దిద్దడానికా అని ముప్పై ఏళ్ళు ఆయన్ని ఏడిపించాను. మాకు సినిమా అంటే పడమే, తమిళ దేశంలో ఇంకో మాట లేదు. రాజులంతా ఎప్పుడో పోయారు, వాళ్ళకు లేని బాధ నీకేల అన్నాను. ఆ మాటలన్నీ ఆయన ఎక్కడో భద్రంగా దాచిపెట్టుకున్నాడని అప్పట్లో నాకు తెలియదు.

ఇక మా మేనత్త. ఇంట్లో ఆడపిల్ల పెళ్ళయి అత్తవారింటికి బయలుదేరే పూట మావాళ్ళ వలస కథ చెప్పడం ఆమె పని. ఆమెకు ముందు ఆ పని వాళ్ళమ్మది, అంటే మా నాయనమ్మది. ఒక్కో ఇంట్లో ఈ కథ ఒక్కో రకంగా ఉంటుంది, మా ఇంటిది ఇది. ఎన్ని తరాల కిందటో, ఉత్తరాన మావాళ్ళు ఉన్న ఊరికి అక్కడి రాజు కబురు పంపాడట, మీ పిల్లను నాకివ్వండి అని. కాదనడానికి బలం లేదు, సరే అనడానికి మనసు రాలేదు. పెద్దలు కూర్చుని ఒక ఉపాయం ఆలోచించారు. సంత రోజున పట్టపగలు ప్రతి ఇంట్లో ఆడవాళ్ళు పొయ్యి అంటించి, కుండనిండా నీళ్ళు పెట్టి, పచ్చి కట్టెలు ఎగదోశారు. ప్రతి కప్పులోంచీ పొగ లేచింది. గుట్ట మీద కాపలా ఉన్న రాజు మనుషులు ఆ పొగ చూసి, వంటలు చేసుకుంటున్నారులే అనుకున్నారు. మావాళ్ళు ఎద్దుల్ని తోలుకుని, గంపలు నెత్తిన పెట్టుకుని, సంతకు పోతున్నట్టు నడిచి వచ్చేశారు. ఒక్కరూ వెనక్కి చూడలేదు, చూస్తే అనుమానం వస్తుందని. దారిలో ఏరు పొంగి ఉంది. గట్టున ఉన్న కానుగ చెట్టు అవతలి ఒడ్డు దాకా వంగింది. అందరూ దాని మీద నడిచి దాటాక మళ్ళీ నిటారుగా లేచింది. అంతే కథ. ఒక్క కత్తి లేదు, ఒక్క శవం లేదు.

దాన్నిబట్టే మా ఇంటి ఆచారం. అత్తవారింటికి పోయే పిల్ల పుట్టింటి వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి అంటించి, కొత్త కుండలో నీళ్ళు పెట్టి, పచ్చి కొమ్మలు వేసి, పొగ లేవగానే వెనక్కి తిరగకుండా పోవాలి. ఆమె పోయాక ఆ నీళ్ళతోనే జావ కాచుకుని ఇంటివాళ్ళు తాగాలి. ఇంకో నియమం కూడా ఉంది. కథ చెబుతున్నప్పుడు ఎవరూ మధ్యలో నోరు తెరవకూడదు. తెరిస్తే కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. కథ అయ్యేదాకా పిల్ల కదలకూడదు. మా అమ్మ ఆమె పుట్టింట్లో పొయ్యి అంటించే వచ్చింది. మా అక్క మా ముందే అంటించి పోయింది. నా భార్య అంటించిన కుండలో జావ ఎట్లా ఉందో ఆమె తమ్ముళ్ళు ఇప్పటికీ చెబుతారు, మాడిపోయిందట.

ఆ కథ మీద నాకు ఎంత భక్తి అంటే, కొబ్బరి ఎండబెట్టే నా కళం నడుమ ఒక కానుగ చెట్టు ఉంది. కళంలో చెట్టు ఉండటమంటే అద్దె లేకుండా శత్రువును ఇంట్లో పెట్టుకున్నట్టు. దాని నీడ పడినచోట కొబ్బరి ఎండదు, బూజు పడుతుంది. కొనడానికి వచ్చిన ప్రతివాడూ ఆ చెట్టు కొట్టించమని చెప్పాడు. మావాళ్ళను ఏరు దాటించిన చెట్టు మీద నేను గొడ్డలి వేస్తానా? ముప్పై ఏళ్ళుగా దాని నీడ ఎటు తిరిగితే కొబ్బరిని అటు నుంచి ఇటు మోయిస్తూనే ఉన్నాను.

ఆ సినిమా మా అమ్మాయి పెళ్ళికి రెండు నెలల ముందు వచ్చింది. అందులో మన కథ ఉందని మావాళ్ళంతా ఒకటే చెప్పుకున్నారు. వ్యాన్ మాట్లాడుకుని అత్త, బావ, మేము అందరం కోయంబత్తూరు పోయి చూశాం. తెర మీద మావాళ్ళ ఊరు వచ్చింది. ఊరా అది, నగల షాపు. రాజు కబురు పంపాడు. ఇప్పుడు పొయ్యి అంటిస్తారు, ఇప్పుడు పొగ లేస్తుంది అని నేను సీటు అంచుకు జరిగాను. పొయ్యీ లేదు, పొగా లేదు. ఆ అమ్మాయి కత్తి దూసింది. ఎక్కణ్ణించి వచ్చాయో నాలుగు ఏనుగులు వచ్చాయి. ఏట్లోనే యుద్ధం. మావాళ్ళు గెలిచారు. జనం ఈలలు వేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. గెలిచి ఉంటే మనం పొల్లాచ్చిలో ఏం చేస్తున్నట్టు? గెలిచినవాళ్ళు సొంత ఊరు వదిలి, ఇంత దూరం నడిచి వచ్చి, భాష తెలియని చోట మట్టి పిసుక్కుంటారా? ఇదంతా నేను పైకే అన్నాననుకుంటాను, ముందు వరసలో ఒకామె తిరిగి చూసింది. అప్పుడు పక్కనుంచి, పాప్‌కార్న్ నములుతూ, బావ నెమ్మదిగా అన్నాడు. "ఏమప్పా, పోయి టికెట్టు డబ్బు వాపసు అడుగుదామా? నువ్వు ముందు పో, నేను నీ వెనకే వస్తా."

"నువ్వు చరిత్ర చెప్పిన వాత్యార్ గదా బావా, నువ్వు చెప్పరాదా ఇది తప్పని?"

"నేను రిటైర్ అయినా. ఇప్పుడు చుమ్మా చూస్తా ఉండా" అని ఇంకో గుప్పెడు నోట్లో వేసుకున్నాడు. ఆయన అంత ఊరికే, అంత హాయిగా సినిమా చూడటం నేను ఎప్పుడూ చూడలేదు. ఊరందరి రాజుల కథలు ఎట్లా మార్చినా నేను చప్పట్లు కొట్టిన మాట నిజం. మనది కాని చరిత్ర ఎంత తప్పుగా ఉంటే అంత బాగుంటుంది. మన ఇంటి గడప దాటి లోపలికి వచ్చినప్పుడే తెలుస్తుంది, ఆ మిరపకాయ ఎంత ఘాటో.

తిరుగు దారిలో అత్త కిటికీ దగ్గర కూర్చుని, ఏనుగులు ఎంత బాగుండాయిరా అంది. నీ కథలో ఏనుగులు లేవు గదా అత్తా అన్నాను. "లేవు. ఉంటే బాగుండు అని నాకూ ఉండేది" అంది.

అసలు దెబ్బ ఇంటికి వచ్చాక తగిలింది. మా అమ్మాయి, కోయంబత్తూరులో ఉద్యోగం చేసే పిల్ల, నెమ్మదస్తురాలు, అన్నం వడ్డిస్తూ మామూలుగా చెప్పింది. "నాయనా, ఆ కుండ పెట్టేది వద్దు. పడంలో ఆ అమ్మాయి కత్తి పట్టుకునింది. మనం మాత్రం ఏల పారిపోయినట్టు చేయాల? పెండ్లికొడుకు ఇంటివాళ్ళు చూసి నగుతారు." పారిపోయిందే నిజం కదమ్మా అన్నాను. ఎవరు చూసినారు అంది. పడంలోది అబద్ధం అన్నాను. "పడం పడంలాగ చూడాల అని నువ్వే గదా మామను ఎగతాళి చేసేది" అంది. నా మాట నాకే తిరిగి వడ్డించి, పైన మజ్జిగ పోసింది. ఒక్క ప్రాణం పోకుండా ఊరు ఊరంతా నడిచి వచ్చేశారు, రాజును పొగతో మోసం చేశారు, అంతకంటే గొప్ప ఏముంటుంది? అది ఈ పిల్లకు సిగ్గుగా ఎప్పుడు మారింది? రెండున్నర గంటల్లో మారింది. వాళ్ళమ్మ చెప్పి చూసింది, నేను చెప్పి చూశాను, లాభం లేకపోయింది. చివరికి అత్త దగ్గరికి పోయి బతిమాలాను. కథ నీ నోటితో గట్టిగా చెప్పు, ఉన్నది ఉన్నట్టు చెప్పు, వింటే మనసు మారుతుందేమో అన్నాను. చూస్తాలే అంది.

పెళ్ళి మండపంలో ముహూర్తం పొద్దున్నే అయిపోయింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లను పంపించడానికి అందరం మా ఇంటి ముందరి కళంలో, కానుగ చెట్టు కింద చేరాం. నా భార్య మూడు రాళ్ళు, కొత్త కుండ, పచ్చి కొమ్మలు సిద్ధం చేసింది. మా అమ్మాయి వాటి వైపు చూడకుండా నిలబడింది. పెళ్ళికొడుకు తరఫువాళ్ళ బస్సు రోడ్డు మీద ఆగి ఉంది. అత్త ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కొంగు సర్దుకుని, కథ మొదలుపెట్టింది. రాజు కబురు దాకా బాగానే ఉంది. ఆ తర్వాత నిదానంగా, ఎప్పుడూ ఉన్నవాటిలాగే, నాలుగు ఏనుగులు వచ్చాయి. నేను పళ్ళు కొరుక్కున్నాను. పిల్ల చేతికి కత్తి వచ్చింది. ఇక ఉండలేకపోయాను.

"అత్తా, ఏనుగులు యాడివి?"

అత్త నా వైపు చూసి, చెంబు ఎత్తి నీళ్ళు తాగి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఈసారి ఏనుగులు పది. పదేంటి అని నా నోటినుంచి ఊడిపడింది. మళ్ళీ మొదటికి. నా భార్య నన్ను చూసిన చూపుకి కొబ్బరి అక్కడికక్కడే ఎండేది. పెళ్ళికొడుకు తరఫు పిల్లలకు మాత్రం పండగగా ఉంది, ఈయన ఇంకోసారి అడిగితే ఇరవై వస్తాయేమోనని నా మొహమే చూస్తున్నారు. అప్పుడు బావ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, పేపరు దిద్దేది నా పని గదప్పా, నువ్వు రా అని చెప్పి, కొబ్బరి కుప్ప పక్కకు తీసుకుపోయి కూర్చోబెట్టాడు. మూడోసారి కథ నేను అక్కణ్ణించే విన్నాను.

అత్త గొంతు పెద్దది కాదు, అయినా ప్రతి మాటా వినిపించింది. "ఆ పిల్ల కత్తి పట్టుకునింది. ఏనుగు మోకాళ్ళ మీద కూర్చునింది. పిల్ల దాని మీద ఒక కాలు పెట్టి, ఆగినాది. యాడికి పోయినా పుట్టినిల్లు పుట్టినిల్లే గదా. దిగి వెనక్కి వచ్చి, పొయ్యి అంటించి, కుండ పెట్టినాది. పచ్చి కొమ్మ వేసినాది, పొగ రావాలని. ఆ పొగ చూసి రాజు మనుషులు, ఇంట్లోనే ఉండాది అనుకోవాల. అది పెట్టినాకనే ఏనుగు ఎక్కినాది. కత్తి ఎవురన్నా పడతారు కణ్ణూ. కుండ పెట్టేదానికి బుద్ధి కావాల."

మా అమ్మాయి పట్టుచీర కుచ్చిళ్ళు మడిచి పట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది. అగ్గిపుల్ల గీసింది. మొదటిది ఆరిపోయింది. రెండోది అంటుకుంది. పచ్చి కొమ్మలు చిటపటమని, తెల్లటి పొగ కానుగ చెట్టు ఆకుల్లోకి లేచింది. ఆమె లేచి రోడ్డు వైపు నడిచింది. నేను కుప్ప పక్కనుంచి పరిగెత్తి వచ్చేసరికి వీపు మాత్రమే కనిపించింది. ఒక్కసారి తిరిగితే మొహం చూద్దామనుకున్నాను. తిరగలేదు. తిరగకూడదు కూడా. ఆ ఆచారం కోసం రెండు నెలలు కొట్లాడింది నేనే కాబట్టి ఎవరితోనూ చెప్పుకోలేకపోయాను.

అందరూ పోయాక జావ తాగుతూ అత్తతో గొడవకు దిగాను. కథ చెడగొట్టావన్నాను. చెడగొట్టినా పొయ్యి అంటించినాది గదా అంది. నేను ఊరుకోలేదు. తరతరాల కథ, మాట మారకుండా వచ్చిన కథ అని ఏదేదో అన్నాను. ఆమె జావ గ్లాసు కింద పెట్టి, "నా పెండ్లిలో మా అమ్మ చెప్పిన కథలో ఈ చెట్టే లేదురా" అంది.

మరి ఏరు ఎట్లా దాటారని అడిగాను. పుట్టి నడిపేవాడికి ముక్కుపుడక ఇచ్చి దాటినారని వాళ్ళమ్మ చెప్పేదట. చిన్నప్పుడు ఊరి బయట డేరా హాలులో నేల టికెట్టు కొని ఒక దేవుడి పడం చూసిందట, అందులో అమ్మవారి కోసం ఒక చెట్టు వంగి దారి ఇచ్చిందట. కథ చెప్పే పని తన చేతికి వచ్చాక ముక్కుపుడక తీసేసి చెట్టు పెట్టిందట. నేను తల ఎత్తి కానుగ చెట్టును చూశాను. ముప్పై ఏళ్ళ బూజు కళ్ళముందు తిరిగింది. ఇది ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. "నువ్వు దాన్ని అంత ప్రేమగా చూసుకుంటివి. నేనేల చెడగొట్టాల" అంది. నన్ను ఆటపట్టించడానికి అన్నదో, నిజమే అన్నదో, ఆ మొహంలో ఏమీ తెలియలేదు. ఏడిపించడంలో నాకు గురువు ఆమే.

నా కాళ్ళ కింద నేల మిగిలిందో లేదో చూసుకోవాలనిపించింది. "అయితే ఆ కుండ? అది ఏ పడంలోది?" అన్నాను. నేను ఎనిమిదో క్లాసుతో ఎందుకు ఆగిపోయానో అప్పుడే అర్థమైనట్టు అత్త నన్ను చూసింది.

"పొయ్యి మీద కుండ చూసేదానికి ఎవుడురా టికెట్టు కొనేది?"

తర్వాతి ఏడు ఆమె పోయింది. అడగాల్సినవి ఇంకా వంద ఉన్నాయి, అడగడానికి మనిషి లేదు. చెట్టు ఇంకా కళం నడుమే ఉంది. కొట్టించడానికి మనిషిని రెండుసార్లు పిలిచి, రెండుసార్లూ కాఫీ ఇచ్చి పంపించేశాను. మొన్న ఆ బస్సులో నేను పోతున్నది, ఇప్పుడు కోయంబత్తూరుకు మారిన బావ ఇంటికి. వచ్చే నెల ఆయన మనవరాలి పెళ్ళి. కథ చెప్పే పని అందరూ కలిసి నా మీద పడేశారు, ఆ కథ మీద నీ అంత కొట్లాడినవాడు ఇంకెవడున్నాడు అని. ముక్కుపుడక చెప్పాలా, చెట్టు చెప్పాలా, ఏనుగులు చెప్పాలా అని నేను ఆలోచిస్తుంటే, పక్క సీటాయన మళ్ళీ పొడిచాడు. నిజంగా జరిగిందా సార్ అని.

నాకు విసుగొచ్చింది. జరిగింది, కానీ ఏనుగులు నాలుగు కాదు, పది అన్నాను. ఆయన సంతృప్తిగా తల ఊపి ఒక అరటిపండు నా చేతిలో పెట్టాడు. ఎన్ని వందల ఏళ్ళ కిందటో, సంత రోజున, ఒకామె వెనక్కి చూడకుండా వదిలేసి వచ్చిన కుండలో నీళ్ళు కాగాయో లేదో చూసినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు, కాలం మాత్రం ఏనుగుల్ని పెంచుకుంటూ పోతోంది.